ఓడిన జట్టు, మన కోపం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. ఇట్లా మైకు ముందు నిలబడి తెలుగులో మాట్లాడడం మాకు అలవాటు తక్కువ. కార్యదర్శిగారు "మాస్టర్ సాబ్, సావనీరు తెలుగులో వేస్తున్నాము, మన కొత్త పిల్లల్లో ఉర్దూ చదవగలిగినవాళ్ళు తక్కువైపోయినారు, తెలుగులోనే చెప్పండి" అన్నారు. ఆ మాట విని మనసు కొంచెం చివుక్కుమన్నది గాని, ఉన్నమాటే గనుక ఒప్పుకున్నాము. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి.

మాకు ఇచ్చిన విషయం "యువకులు - క్రీడలు". ఆటల వల్ల ఒళ్ళు గట్టిపడుతుంది, క్రమశిక్షణ వస్తుంది అనే మాటలు మీకందరికీ తెలిసినవే. అవి మళ్ళీ చెప్పి మీ కాలం తీసుకోము. మన ఇంటి సంగతే మాట్లాడుకుందాము. ఈ ఏడు టోర్నమెంటులో మన సంఘం ఫుట్‌బాల్ జట్టు ఆడిన 4 ఆటలూ ఓడిపోయింది. కొట్టిన గోలు 1, తిన్న గోల్స్ 11. దాని మీదట కొందరు సభ్యులు ఒక కాగితం రాసినారు. కోచ్‌ను మార్చాలి, జట్టులో సగం మందిని తీసివేయాలి అని అందులో ఉన్నది. ఆ కాగితం ఇప్పుడు కార్యదర్శిగారి ఫైలులో ఉన్నది.

మొదటే ఒక సంగతి ఒప్పుకుంటాము. ఆ కాగితం మీద ఏడో సంతకం మాదే.

అయ్యా, కోపం రావడం తప్పని మేము అనడం లేదు. అభిమానం లేనిచోట కోపం ఎక్కడిది? పక్క ఊరి జట్టు ఓడిపోతే మనకెవరికైనా అన్నం సయించకుండా పోతుందా? మనవాళ్ళు ఓడితేనే బాధ. నాలుగో ఆట ఓడిన సాయంత్రం చాయ్ హోటల్లో మేమూ ఉన్నాము. "ఆ కోచ్‌కు ఏం తెలుసు?" అన్నాడు ఒకాయన. "ఆ గోలీని ఎవరు పెట్టినారు, వాడి చేతులకు చిల్లులున్నాయా?" అన్నాడు ఇంకొకాయన. అందరూ నవ్వినారు, మేమూ నవ్వినాము. ఒడ్డున కూర్చున్నవాడికి ఈత ఎప్పుడూ సులువే.

ఈ సందర్భంలో మన హైదరాబాదు ఫుట్‌బాల్ కథ కొంచెం జ్ఞాపకం చేసుకోవడం మంచిది. మన పెద్దలకు తెలిసిన కథే. పిల్లలకు తెలియదు.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ 1909లో హైదరాబాదులో పుట్టినారు. మా వృత్తివారే, బడిపంతులు. పిల్లలకు చదువు చెప్పినారు, ఆటలు నేర్పినారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా 5 ఏండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. పిల్లలకు ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడించి అభ్యాసం చేయించేవారట. బంతిని కాళ్ళ మధ్యనే తిప్పుకుంటూ ఉండకుండా వెంటనే తోటివాడికి అందించవలసిన పోటీలు పెట్టేవారట. ఇవన్నీ బడిపంతులు బుద్ధికి తోచే పనులే అని మాకు గర్వం.

అయితే ఆ రహీమ్ సాబ్‌కు ఓటమి తెలియదనుకోకండి. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కు మన దేశం జట్టు వెళ్ళినప్పుడు కోచ్ ఆయనే. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయినాము. పది గోల్స్! మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడినారు. ఆ చలిలో, ఆ నేల మీద, బూట్లు వేసుకున్న బలశాలుల ముందు వట్టి కాళ్ళు. ఇప్పటి మన లెక్కలో అయితే ఆ సాయంత్రమే కాగితం మీద సంతకాలు పడేవి. మనం 11 గోల్స్ 4 ఆటల్లో తిన్నాము, వాళ్ళు ఒక్క ఆటలో పది తిన్నారు మరి.

ఆ ఓటమి తర్వాత జరిగిన మంచి పని ఏమంటే, జట్టు బూట్లు వేసుకొనే ఆడాలని ఫుట్‌బాల్ సమాఖ్య నియమం పెట్టింది. అంటే కాళ్ళను తిట్టుకోవడంతో ఆగిపోకుండా, కాళ్ళకు ఏమి కావాలో చూసినారు. నాలుగేండ్లకు, 1956లో, అదే రహీమ్ సాబ్ జట్టును మెల్బోర్న్ తీసుకొనిపోయినారు. అక్కడ ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదనే 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరినారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా జట్టు అంతదూరం పోవడం అదే మొదలు. చివరకు నాలుగో స్థానం దక్కింది.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండును, జపానును గెలిచి, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను దాటి ఫైనల్ చేరితే ఎదురుగా మళ్ళీ అదే కొరియా. మైదానం నిండా మనకు వ్యతిరేకంగా అరిచే జనం. జర్నైల్ సింగ్ వెనుక నిలబడి కాపాడే ఆటగాడు, తలకు దెబ్బ తగిలి కుట్లు పడి ఉన్నాయి. రహీమ్ సాబ్ ఆయనను ముందు వరుసలో ఆడించినారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ సింగ్ ఒక గోలు. 2-1తో బంగారు పతకం. సెప్టెంబరు 4న ఈ విజయం. అప్పటికే రహీమ్ సాబ్ ఒంట్లో క్యాన్సర్ ఉన్నది. 1963 జూన్‌లో ఆయన కన్నుమూసినారు. 2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' అనే సినిమా కూడా వచ్చింది, మీలో కొందరు చూసి ఉంటారు.

మేము అడిగేది ఒక్కటే. ఆ మొదటి రోజు 2-0తో ఓడిన సాయంత్రం, కోపంతో కోచ్‌ను దించేసి, జర్నైల్ సింగ్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి ఉంటే పతకం ఎక్కడి నుండి వచ్చేది?

ఇది పాతకాలం మాట, ఇప్పుడు డబ్బు ఆట, వేరే లెక్క అంటారు కొందరు. సరే, ఇప్పటి లెక్కే చూద్దాము.

2019 ఆగస్టులో హైదరాబాదు ఎఫ్.సి. అనే జట్టు పుట్టింది. పూణే జట్టు మూతపడితే దాని స్థానంలో వచ్చింది. అక్టోబరులో లీగు మొదలు. రెండు నెలల్లో ఏ జట్టు కుదురుకుంటుంది? మొదటి ఆటలోనే కలకత్తాలో 5-0తో ఓడింది. ఆంగ్లేయుడు ఫిల్ బ్రౌన్ కోచ్. ఓటమి మీద ఓటమి వస్తుంటే 2020 జనవరిలో ఆయనను తీసివేసినారు. తీసివేస్తే జట్టు లేచిందా? లేదు. 18 ఆటల్లో 2 గెలుపులు, 10 జట్లలో పదో స్థానం.

తర్వాత స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్క్వెజ్ వచ్చినారు. ఆయనకు కాలం ఇచ్చినారు, చిన్నవయసు ఆటగాళ్ళను నమ్మి ఆడించనిచ్చినారు. మొదటి ఏడు ఐదో స్థానం. రెండో ఏడు, 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. మైదానమంతా కేరళ అభిమానుల పసుపు రంగు. మనవాళ్ళు ఒక గోలు వెనుకబడి, చివరి నిమిషాల్లో సాహిల్ తవోరా కొట్టిన గోలుతో సమం చేసినారు. పెనాల్టీలలో గోలీ కట్టిమణి 3 బంతులు ఆపినాడు. 3-1తో కప్పు మనది. ఆ రాత్రి మన వీధిలో మిఠాయి పంచినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు.

గెలిచినప్పుడు అందరూ చుట్టాలే. తర్వాతి కథ వినండి.

2023-24 సీజనులో ఆ జట్టుకు డబ్బు కష్టాలు వచ్చినాయి. ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు నెలల తరబడి అందలేదు. బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్ళను తీసుకోవడానికి వీలు లేకుండా ఆంక్ష పడింది. విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ వెళ్ళిపోయినారు, మనవాళ్ళలోనూ పేరున్నవాళ్ళు వెళ్ళిపోయినారు. ఐర్లాండు నుండి వచ్చిన కోచ్ కూడా పోయినాడు. మిగిలిన కుర్రవాళ్ళను పెట్టుకొని మణిపూర్ నుండి వచ్చిన తాంగ్‌బోయ్ సింగ్తో జట్టు నడిపినారు. 22 ఆటల్లో 1 గెలుపు. 8 పాయింట్లు. చివరి స్థానం.

ఆ సీజనులో ఒక ఆటకు మేము ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకొని గచ్చిబౌలి వెళ్ళినాము. బస్సు దిగి నడుస్తుంటే జనం ఎక్కడా కనబడలేదు, దారి తప్పినామేమో అనుకున్నాము. లోపల కుర్చీలన్నీ ఖాళీ. కూర్చున్న కొద్దిమందిలో ఒకాయన గొంతు మాత్రం ఆట అయ్యేదాకా వినబడుతూనే ఉన్నది. కోచ్‌ను తిట్టినాడు, ఆటగాళ్ళను పేరు పేరునా తిట్టినాడు. మా వెంట ఉన్న పిల్లవాడు మెల్లగా అడిగినాడు: "సర్, వీళ్ళకు జీతం లేదంట గదా, అయినా ఎందుకు ఆడుతున్నారు?" మాకు జవాబు తోచలేదు. ఆ తిట్టే పెద్దమనిషికీ ఆ ప్రశ్న తోచినట్టు లేదు.

మరుసటి ఏడు సింగ్తో కూడా మధ్యలోనే వెళ్ళిపోయినారు. జట్టు 13లో పన్నెండోది అయింది. 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకే తరలిపోయింది. ఇప్పుడు గచ్చిబౌలిలో కూర్చొని తిడదామన్నా ఆ జట్టు లేదు.

ఆ ఏడు పదమూడో స్థానం ఎవరిదో తెలుసునా? కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టుది. ఆ పేరు వింటే మన తాతల కండ్లు మెరిసేవి. 1891లో పుట్టిన క్లబ్బు. 1934 నుండి 1938 దాకా వరుసగా 5 ఏండ్లు కలకత్తా లీగు గెలిచింది. ఆ లీగు గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే. మన హబీబ్, అక్బర్ సోదరులు కూడా ఆ చొక్కా వేసుకున్నవాళ్ళే. అంతటి జట్టు 2024లో ఐ-లీగు గెలిచి పెద్ద లీగులోకి వచ్చి, 24 ఆటల్లో 2 మాత్రమే గెలిచింది. అక్టోబరు 20న కేరళ జట్టుతో ఆట జరుగుతుంటే, పెనాల్టీ ఇవ్వలేదన్న కోపంతో ప్రేక్షకులు సీసాలు విసిరినారు, ఆట కొంతసేపు ఆగిపోయింది. ఆ ఆట 2-1తో ఓడిపోయినారు. 2025 జనవరిలో రష్యా కోచ్ చెర్నిషోవ్ జీతం అందలేదని చెప్పి వెళ్ళిపోయినాడు. సీసాలు పడినది మైదానంలో, లోపం ఉన్నది ఖజానాలో. ఎంత బలంగా విసిరినా సీసా అక్కడిదాకా పోదు.

ఇంకొక్క సంగతి చెప్పి మన ఊరికి వస్తాము. హైదరాబాదుకు కప్పు తెచ్చిన ఆ మనోలో సాబ్‌నే 2024 జూలైలో మన దేశం జట్టుకు కోచ్‌గా పెట్టినారు. అంతకుముందు నెలలోనే, ప్రపంచ కప్పు అర్హత పోటీల నుండి మనం బయటపడినందుకు స్టిమాచ్ అనే క్రొయేషియా కోచ్‌ను తీసివేసినారు. కొత్త కోచ్ వస్తే అంతా మారుతుందన్నారు. మనోలో సాబ్ కింద మన జట్టు 8 ఆటలు ఆడి 1 గెలిచింది, మాల్దీవుల మీద. గోల్స్ కొట్టేవాడు లేక, 2024 జూన్‌లో రిటైరైన సునీల్ ఛెత్రిని 2025 మార్చిలో మళ్ళీ పిలిపించుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు 40 ఏండ్లు. జూన్‌లో హాంకాంగ్ చేతిలో 1-0తో ఓడిన తర్వాత మనోలో సాబ్ కూడా తప్పుకున్నారు. ఆయన తర్వాత ఖాలిద్ జమీల్ వచ్చినారు. అక్టోబరులో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి ఆసియా కప్పుకు అర్హత పోగొట్టుకున్నాము.

అదే మనిషి ఒకచోట కప్పు తెచ్చినాడు, ఒకచోట ఓడినాడు. ఆయన విద్య రెండేండ్లలో ఎక్కడికి పోయింది? కోచ్‌లో తప్పులుండవని కాదు. ఉంటాయి. దేశం జట్టుతో పాటు గోవా జట్టును కూడా ఒకేసారి చూసుకున్నారని చాలామంది తప్పుపట్టినారు, అందులో న్యాయం ఉన్నది. అభిమాని టిక్కెట్టు కొన్నవాడు, అడిగే హక్కు వానికి ఉన్నది. అయితే అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగి, ఆఖరున కోచ్ దగ్గరికి రావాలి. మనం మొదలే అక్కడ పెడుతున్నాము. జీతం అందుతున్నదా? ఆడుకోవడానికి నేల ఉన్నదా? పదేండ్ల పిల్లవాడికి బంతి ఇచ్చినవాడు ఎవడైనా ఉన్నాడా? రహీమ్ సాబ్ కాలంలో పోలీసు జట్టు ఆటగాడికి నౌకరీ ఇచ్చింది, ఇంట్లో పొయ్యి వెలిగింది, వాడు నిశ్చింతగా ఆడినాడు. తులసీదాస్ బలరాం, నయీముద్దీన్, హబీబ్ వంటివాళ్ళు ఈ గల్లీ మైదానాల్లో తయారై కలకత్తా పోయి పేరు తెచ్చుకున్నారు. ఆ మైదానాలు చాలావరకు పోయినాయి. ఆటగాళ్ళు రావడం లేదేమని మనం కోచ్‌ను అడుగుతున్నాము.

ఇక మన జట్టు. సంతకం పెట్టిన మూడో రోజు మేము హాజరు పిలుస్తుంటే తొమ్మిదో తరగతిలో ఒక పేరుకు జవాబు రాలేదు. మరునాడూ రాలేదు. నాలుగు రోజులు చూసి ఇంటికి వెళ్ళినాము. ఆ పిల్లవాడే మన గోలీ. చాయ్ హోటల్లో "చేతులకు చిల్లులు" అని మేమందరం నవ్వింది వీని గురించే. వాడు ఆ సమయంలో హోటల్ బయట పాల ప్యాకెట్ కోసం నిలబడి ఉన్నాడట. మా నవ్వు విన్నాడు. తన మాస్టరు నవ్వు కూడా విన్నాడు.

వాళ్ళ అమ్మీ తలుపు దగ్గర నిలబడి అన్నది: "మాస్టర్ సాబ్, వీడు తండ్రి లేని పిల్లవాడు. బంతి పట్టుకున్నప్పుడే వీని ముఖంలో వెలుగు చూసినాను. ఇప్పుడు గ్లవ్స్ తీసి పొయ్యిలో పెట్టబోతే నేనే లాక్కున్నాను." మాకు నోట మాట రాలేదు.

అక్కడి నుండి నేరుగా కోచ్ దగ్గరికి పోయినాము. ఆయన పేరు ఇక్కడ చెప్పము, మీ అందరికీ తెలుసు. పగలంతా వెల్డింగ్ పని. సాయంత్రం చేతులు కడుక్కొని వచ్చి పిల్లలను ఆడిస్తాడు. సంఘం ఆయనకు ఒక్క పైసా ఇవ్వదు, ఆయన అడగడు. లెక్క రాసుకున్నాము, వినండి. 22 మంది పిల్లలు, 3 బంతులు, అందులో ఒకటి గాలి నిలవదు. కాలేజీ మైదానం వారానికి రెండు రోజులే ఇస్తారు, అదీ ఒక గంట. మూడో ఆటకు వేరే ఊరు పోవడానికి ఆటో కిరాయి ఆయన జేబులోనిది. మన గోలీకి గ్లవ్స్ కొన్నది కూడా ఆయనే. మేము అడిగినాము: "భాయ్, ఇవన్నీ కమిటీకి ఎందుకు చెప్పలేదు?" ఆయన అన్నాడు: "ఓడినవాడు చెబితే సాకు అంటారు సాబ్. గెలిచినాక చెబుదామనుకున్నాను."

ఆడలేక మద్దెల ఓడు అన్నారని మనకొక సామెత ఉన్నది. కాని అన్నలారా, ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓటిది అయి ఉంటుంది. తీసి చూడవలసిన బాధ్యత మద్దెల కొనిచ్చినవాళ్ళది. అంటే మనది. 4 ఆటల్లో ఎన్ని ఆటలకు మనం వెళ్ళినాము? మేము ఒక్కదానికి పోయినాము, అదీ రెండో సగానికి. మిగతావి హోటల్లో విన్నవే. విన్నదాని మీద సంతకం పెట్టినాము. పిల్లలకు "చూడకుండా జవాబు రాయకండి" అని రోజూ చెప్పే మనిషిమి.

అందువల్ల ఈ సభాముఖంగా మా సంతకం వాపసు తీసుకుంటున్నాము. మిగతావాళ్ళు వాళ్ళ మనసును అడిగి చూసుకోవాలి. కమిటీవారికి మా మనవి మూడు మాటలు. ఒకటి, ఈ కోచ్‌కు రెండు సీజన్లు గడువు ఇవ్వండి, ఆ తర్వాత ఎదురుగా కూర్చోబెట్టుకొని లెక్క అడగండి, మేమూ అడుగుతాము. రెండు, ఈ సావనీరు ప్రకటనల మీద వచ్చిన డబ్బులో నుండి 10 బంతులు, దారి ఖర్చులు జట్టుకు కేటాయించండి. మూడు, కాలేజీవారి దగ్గరికి పెద్దలు నలుగురు వెళ్ళి మైదానం ఇంకొక రెండు రోజులు అడగండి. వెల్డింగ్ పనిచేసే మనిషి అడిగితే ఒక విధంగా వింటారు, మీరు అడిగితే ఇంకొక విధంగా వింటారు.

ఆ పిల్లవాడు బడికి వస్తున్నాడు. మేము వాని దగ్గర కూర్చొని మాఫీ అడిగినాము. మాస్టరు మాఫీ అడగడం వానికి వింతగా తోచింది, తల వంచుకున్నాడు గాని ఏమీ అనలేదు. మైదానానికి మాత్రం ఇంకా పోవడం లేదు. గ్లవ్స్ వాళ్ళ అమ్మీ దగ్గరే ఉన్నాయి. వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు కాలేజీ మైదానంలో పిల్లలు ఆడుతారు. మేము పోతున్నాము, పోయేటప్పుడు వాళ్ళ ఇంటి మీదుగా పోతాము. మీలో వీలైనవాళ్ళు రండి. ఎంతమంది వచ్చినారో వాడు చూస్తాడు.